స్వయంగా పరీక్షించితిని

ఆ ఉదయం తనిఖీ అధికారి వేసుకున్న పథకం చాలా తేలికైనది. తొమ్మిదిన్నరకి కొత్తగా కట్టిన పిల్లల మ్యూజియానికి వెళ్లడం, పదకొండుకల్లా ముగించడం, భోజనం వేళకి ఆసుపత్రి లిఫ్టు దగ్గర ఉండటం. ఇరవై ఆరేళ్లుగా లిఫ్టులూ మెట్లూ సినిమా హాళ్ల తలుపులూ చూస్తున్న మనిషికి పిల్లల మ్యూజియం ఒక పనే కాదు.

ఆయనకి ఒక పట్టింపు ఉంది. తనిఖీ పత్రం చివరి గడిలో ‘స్వయంగా పరీక్షించితిని’ అని అచ్చు వేసి ఉంటుంది. పక్కనే ‘ఎన్నిసార్లు’ అని ఇంకో గడి. తోటి అధికారులు ఆ రెండూ టీ తాగుతూ నింపేసేవాళ్లు. ఈయన మాత్రం నిచ్చెన ఉంటే ఎక్కేవాడు, అత్యవసర ద్వారం ఉంటే అందులోంచి పరిగెత్తేవాడు. చెయ్యనిది చేశానని ఒక్క అక్షరం రాసి ఎరగడు. ఆయనకి ఆస్తి అంటూ ఉంటే అదే, దాని గురించి ఆయనకున్న గర్వం అంతా ఇంతా కాదు.

ఇంటి మెట్లు దిగుతుంటే పై అంతస్తు పాప ఎదురైంది. ఎనిమిదేళ్లుంటాయి. ఎర్ర రబ్బరు బంతిని ఒక్కో మెట్టు మీదా ఎగరేసుకుంటూ వస్తోంది.

“మెట్ల మీద బంతేమిటి? ఎవరైనా కాలు జారి పడితే?”

“ఎవరూ పడలేదు కదండీ.”

“పడ్డాక చెప్పి ఏం లాభం? బంతి ఇటివ్వు.”

అంతటితో ఊరుకుంటే ఆయన తనిఖీ అధికారి ఎందుకవుతాడు? సంచిలోంచి కాగితం తీసి, ‘ఇకమీదట మెట్ల మీద బంతి ఆడను’ అని పాప చేత రాయించాడు. సంతకం పెట్టమంటే పాపకి సంతకమంటే ఏమిటో తెలియక కింద ఒక పువ్వు వేసింది. ఆయన కాగితాన్నీ బంతినీ సంచిలో వేసుకుని, సాయంత్రం ఇస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

మ్యూజియం నిర్వాహకురాలు గుమ్మంలోనే ఎదురొచ్చింది. మర్నాడే ప్రారంభోత్సవం. ఈయన సంతకం పడకపోతే తలుపు తెరవడానికి లేదు. పొద్దున్నే అక్కడి ఉద్యోగుల పిల్లలు పన్నెండు మందిని పిలిచి అన్నీ ఆడించి చూశామని, ఇప్పుడే బస్సెక్కించి పంపామని చెప్పింది.

“పిల్లలు ఆడటం పరీక్ష కాదమ్మా,” అన్నాడు ఆయన. “ఇంకో సంగతి. ఎవరైనా పిల్ల కనబడకపోతే ఐదు నిమిషాలు వెతకండి. ఆరో నిమిషంలో ఫైర్ స్టేషనుకి ఫోన్ చెయ్యండి. మొహమాటపడకండి.”

“అలాగే సార్,” అని ఆవిడ ఆ మాట అరచేతిలో రాసుకుంది.

“ఇక మీరు వెళ్లండి. పరీక్షించేటప్పుడు పక్కన ఎవరూ ఉండకూడదు. అది పద్ధతి.”

అద్దాల గది, నీడల గోడ, నీళ్ల తొట్టి సవ్యంగా ముగిశాయి. ఒక్కోదాన్నీ మూడేసిసార్లు పరీక్షించాడు. నాలుగోది గాలి గొట్టాల గోడ. కింద ఉన్న మూతిలో బంతి పెట్టి పెడల్ తొక్కితే గాలి దాన్ని పైకి తన్నుతుంది. గోడంతా అల్లుకున్న గాజులాంటి గొట్టాల్లో అది చక్కర్లు కొట్టి, ఏడు గంటలు మోగించి, చివరికి బుట్టలో పడుతుంది. మ్యూజియం వాళ్ల బంతులన్నీ కడగడానికి వెళ్లాయి. బంతి లేకుండా పరీక్షించానని రాయలేడు కదా. సంచిలోంచి పాప బంతి తీశాడు.

మొదటిసారి గంభీరంగా తొక్కాడు. బంతి పైకి దూసుకెళ్లి, ఏడు గంటలూ మోగించుకుంటూ వచ్చి బుట్టలో పడింది. రెండోసారి ఐదు గంటలే మోగాయి. మిగతా రెండూ ఎందుకు మోగలేదో చూడాలని మూడోసారి వేశాడు. నాలుగోసారికి కోటు విప్పాడు. పెడల్ మీద బూటు జారుతోందని ఆరోసారికి బూట్లు విప్పాడు. తొమ్మిదోసారి బంతితో పాటు గోడ పక్కన పరిగెత్తి, అది బుట్టలో పడేలోపు తనే అక్కడికి చేరుకుని పట్టుకున్నాడు. అప్పుడు గదిలో ఎవరో కిచకిచమని నవ్వినట్టు వినబడి వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. ఆ నవ్వు తనదేనని తెలిసి సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. అయినా పదోసారి తొక్కాడు.

పదకొండోసారి ఆవేశం కొంచెం ఎక్కువైంది. బంతి బుట్ట అంచుకి తగిలి, ఎగిరి, ఎదురుగా ఉన్న చీమల పుట్టలోకి దొర్లిపోయింది. చీమల పుట్ట అంటే చెక్కతో చేసిన పెద్ద గుట్ట, లోపల పిల్లలు పాక్కుంటూ వెళ్లే వంకర దారులు. పరాయి పిల్ల బంతి, పైగా సాయంత్రం ఇస్తానని మాట ఇచ్చాడు. ఆయన పాక్కుంటూ దూరాడు.

మూడో మలుపు దగ్గర బంతి దొరికింది. అక్కడే ఆయన పొట్ట కూడా ఆగిపోయింది. ముందుకి పోదు, వెనక్కి రాదు.

బయట చీమల పుట్ట గుమ్మం మీద ఎర్ర అంకెల పలక ఒకటి ఉంది. లోపలికి ఎందరు వెళ్లారో, బయటికి ఎందరు వచ్చారో అదే లెక్కపెట్టుకుంటుంది. నిర్వాహకురాలు, కరెంటు పనివాడు ఆ గదిలోకి వచ్చేసరికి దాని మీద ‘లోపల పిల్లలు: 1’ అని వెలుగుతోంది. ఆ కంగారులో గోడవారన ఉన్న కోటూ బూట్లూ ఇద్దరికీ కనబడలేదు.

“అయ్యయ్యో, బస్సెక్కింది పన్నెండు మందేనా? లెక్కపెట్టారా?” అంది ఆవిడ.

“నేను పెట్టలేదమ్మా. మీరు పెట్టారనుకున్నాను.”

లోపల అధికారికి ప్రతి మాటా వినబడుతోంది. నేనే ఉన్నాను, కాస్త లాగండి అని ఒక్క మాట చాలు. అందామని నోరు తెరిచాడు కూడా. అంతలో ఆవిడ గొంతు తేనెలా మారింది.

“బంగారం, భయపడకమ్మా. నెమ్మదిగా బయటికి వచ్చెయ్. నిన్నెవరూ ఏమీ అనరు.”

బంగారమని పిలిపించుకున్నాక యాభై మూడేళ్ల మనిషి ‘వస్తున్నా’ అని ఎలా పలుకుతాడు? పలకలేదు. పలకని ప్రతి నిమిషానికీ పలకడం మరింత కష్టమైంది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఉండిపోయాడు.

“ఆ సార్‌కి తెలిస్తే మన పని అయిపోయినట్టే,” అన్నాడు కరెంటు పనివాడు గొంతు తగ్గించి. “ఎక్కడున్నారాయన?”

“ఏ తలుపు సందులు కొలుస్తున్నారో. రాయిలాంటి మనిషి. చిన్నప్పుడు కూడా ఒక్క ఆట ఆడి ఉండరు.”

ఈ మాట ఆయనకి ఎక్కడో తగిలింది. ఆడానని వాదించడానికి అది చోటు కాదు. ఆడిన రోజు ఒక్కటి గుర్తుచేసుకుందామంటే వెంటనే గుర్తు రాలేదు కూడా.

ఆరో నిమిషం రాగానే ఆవిడ అరచేయి చూసుకుని ఫైర్ స్టేషనుకి ఫోన్ చేసింది. బస్సు డ్రైవరుకి ఫోన్ చేసి వెనక్కి తిరగమంది. తర్వాత పిల్లాడికి ఆకలేస్తుందేమోనని, పొడవాటి కర్రకి బిస్కట్ల పొట్లం కట్టి, అవతలి వైపు కన్నంలోంచి లోపలికి తోయించింది. అధికారి పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. పొట్లం ముక్కు దాకా వచ్చింది. ఎంత నిగ్రహించుకున్నా చెయ్యి తనంతట తనే ముందుకి వెళ్లింది.

పడుకుని టార్చి వేసి చూస్తున్న కరెంటు పనివాడు తల వెనక్కి తిప్పాడు.

“అమ్మా, పిల్లాడి చేతికి వాచీ ఉంది.”

“ఉంటే ఏం? ఈ కాలం పిల్లలు పెట్టుకోరా?”

“చేతి మీద వెంట్రుకలు తెల్లబడ్డాయమ్మా.”

అప్పటికి ఫైర్ ఇంజను వచ్చింది. పక్కన చెక్క ఊడదీసి లాగితే, ఒక చేతిలో ఎర్ర బంతి, ఇంకో చేతిలో సగం కొరికిన బిస్కట్టుతో, మేజోళ్ల కాళ్లతో అధికారి బయటికి వచ్చాడు. ఎదురుగా నిర్వాహకురాలు, కరెంటు పనివాడు, ఆరుగురు అగ్నిమాపక సిబ్బంది, వెనక్కి వచ్చిన బస్సులోంచి దిగి వరసగా నిలబడ్డ పన్నెండు మంది పిల్లలు. ఆయనకి తల తీసేసినట్టయింది.

అందరికంటే ముందు ఫైర్ ఆఫీసరు తేరుకున్నాడు. “సార్, అర్థమైంది. పిల్ల తప్పిపోతే వీళ్లు ఏం చేస్తారో చూడటానికి మీరే లోపల దాక్కున్నారు. ఇలాంటి తనిఖీ నేనెక్కడా చూడలేదు.”

సిబ్బంది చప్పట్లు కొట్టారు. నిర్వాహకురాలి కళ్లలో నీళ్లు తిరిగాయి. అధికారి ఒక్క తల ఊపితే చాలు, పరువు దక్కుతుంది. కానీ కోటు పక్కన తనిఖీ పత్రం తెరిచి ఉంది. అందులో ‘ఎన్నిసార్లు’ అన్న గడి ఖాళీగా ఉంది.

“పరీక్ష కాదు,” అన్నాడు నేల చూస్తూ. “బంతితో ఆడుకుంటున్నాను. అది లోపలికి పోయింది. వెళ్లి ఇరుక్కున్నాను. మీరు పిలుస్తుంటే సిగ్గేసి పలకలేదు. మిమ్మల్నందరినీ హడలగొట్టాను. క్షమించండి.”

వరసలో చివరున్న పిల్లాడు, “ఎన్నిసార్లు వేశారు?” అని అడిగాడు.

“పదకొండు.”

“మాకు మూడేసిసార్లే ఇచ్చారు,” అన్నాడు పిల్లాడు నిర్వాహకురాలి వైపు చూసి.

ఆయన గడిలో పదకొండని రాశాడు. మ్యూజియానికి అనుమతి ఇచ్చాడు. సిగ్గు ఇంకా దిగక, ఇలాంటిది మళ్లీ ఎవరికీ జరగకూడదని కింద ఒక షరతు కూడా చేర్చాడు: ‘పిల్లలు తోడు లేకుండా పెద్దలను ఒంటరిగా లోపలికి పంపరాదు.’ రెండుసార్లు గీత గీశాడు.

ఆ సాయంత్రం పైఅంతస్తుకి తాళం వేసి ఉంది. ఊరెళ్లారట. బంతి ఆయన బల్ల మీదే ఉండిపోయింది. మూడు రోజులు దాన్ని చూడకుండా భోజనం చేశాడు. నాలుగో రోజు ఆదివారం.

“సెలవు రోజు కూడా తనిఖీయేనా?” అంది భార్య.

ఆయన చెప్పులేసుకున్నాడు.

మ్యూజియం గుమ్మం దగ్గర కాపలాదారు వినయంగానే అడ్డుకున్నాడు. గోడ మీద కొత్త బోర్డు చూపించాడు. రెండు గీతలతో సహా షరతు, కింద ఆయన సంతకం. ఆయన వెనక్కి తిరిగాడు. సంతకం తనదే.

ఇంటికొచ్చేసరికి ఊరెళ్లినవాళ్లు తిరిగొచ్చారు. బంతి తీసుకుని పైఅంతస్తు తలుపు కొట్టాడు. పాపే తీసింది.

“బంతి ఇవ్వడానికొచ్చారా?”

“అవును. ఇంకో పని కూడా ఉంది. నన్ను మ్యూజియానికి తీసుకెళ్లాలి. మీ అమ్మగారిని నేను అడుగుతాను.”

“మీరే వెళ్లొచ్చు కదా?”

ఆయనకి అబద్ధం చేతకాదు. జరిగిందంతా చెప్పాడు. బిస్కట్టు సంగతి కూడా దాచలేదు. పాప చాలా శ్రద్ధగా విని, లోపలికెళ్లి కాగితం, పెన్సిలు తెచ్చింది.

“‘ఇకమీదట ఇరుక్కోను. పిలిస్తే పలుకుతాను’ అని రాయండి.”

ఆయన మెట్టు మీద కూర్చుని రాసి, కింద ఎప్పటిలా పెద్ద సంతకం పెట్టి ఇచ్చాడు. పాప కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, సంతకం లేదని తిప్పి ఇచ్చేసింది. ఆయన కింద పువ్వు వేశాడు.