తలుపులు తెరిచాం, గడియ అడక్కండి

మనిషికి కావలసింది గడియ కాదు, సభ!

ఈ మాట అన్నందుకు మీలో కొందరు నన్ను కొట్టడానికి వస్తారని తెలుసు. రండి. కాకపోతే వచ్చే ముందు ఒక మెయిల్ పెట్టండి, ఆ కార్యక్రమాన్ని ఎజెండాలో చేరుస్తాను.

నేను ఆషామాషీ మనిషిని కాను. మా ఆఫీసులో 'అందరం ఒక్కటే' కమిటీకి అధ్యక్షుణ్ణి. మా ఆఫీసంటే దుకాణాల తక్కెళ్లు సరిగ్గా తూస్తున్నాయో లేదో పరీక్షించి ముద్ర వేసే ఆఫీసు. ఎవరి తూకంలో ఎంత తప్పుందో పట్టుకోవడంలో మమ్మల్ని మించినవాళ్లు లేరు. మమ్మల్ని ఇంతవరకూ ఎవరూ తూచలేదు కాబట్టి మాలో ఏ తప్పూ లేదు.

కమిటీ ఎలా పుట్టిందో చెబుతాను. మా బిల్డింగ్‌లో తలుపులు, తాళాలు, బీరువాలు బాగుచేసే ఆవిడ ఒకరున్నారు. ట్రాన్స్‌జెండర్ మహిళ. ఆవిడను ఆఫీసంతా తాళాలక్క అంటుంది. వయసులో పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలుస్తారు. ఏదో ఒక రోజు అందరి తాళంచెవీ పోతుంది కదా! ఆరు అంతస్తులు, రెండు వందల పన్నెండు తలుపులు. ఆవిడ చెయ్యి పడని గడియ మా బిల్డింగ్‌లో లేదు.

ఒక్కచోట తప్ప. అక్కడ అసలు గడియే లేదు.

ఆవిడ ఉద్యోగంలో చేరిన నెలలోనే, ఆవిడ ఆడవాళ్ల బాత్రూమ్‌కు వెళ్తున్నారని ఎవరో పేరు పెట్టకుండా ఉత్తరం రాశారు. దాన్ని చింపి బుట్టలో వేస్తే సరిపోయేది. కానీ మాది పద్ధతిగల ఆఫీసు. ఉత్తరానికి నంబరు వేశాం. నంబరు పడ్డాక నిర్ణయం ఉండాలి. నిర్ణయం వచ్చేదాకా మూడో అంతస్తు మూలన వాడకుండా వదిలేసిన బాత్రూమ్‌ను ఆవిడకు కేటాయించాం. కుళాయి ఉంది, అద్దం ఉంది, వెలుతురు ధారాళంగా ఉంది. తలుపుకు లోపల గడియ మాత్రం లేదు.

ఆడవాళ్లు చాలామంది నా దగ్గరికి వచ్చి, "ఆవిడ మాతోపాటు వస్తే మాకేం ఇబ్బంది లేదు సార్, పైగా మా తలుపులన్నీ బాగుచేసింది ఆవిడే," అన్నారు. విన్నాను. అయితే వాళ్లది నోటిమాట. ఉత్తరం కాగితం మీద ఉంది. అధ్యక్షుడన్నవాడు దేన్ని నమ్మాలి?

మొదటి మీటింగ్‌కు తాళాలక్కను పిలిచి, "మీకేం కావాలో నిర్భయంగా చెప్పండి," అన్నాను.

"గడియ నా సంచిలోనే ఉంది సార్," అంది. "నాలుగు మరలు. పది నిమిషాల పని. బిగించుకోమంటారా?"

చూశారా అమాయకత్వం! ఎవరికి కావలసిన మేలు వాళ్లే చేసుకుంటూ పోతే, మేలు చేసేవాళ్లు ఏమైపోవాలి? మేం తొమ్మిది మందిమి. రోడ్డున పడమా?

"అక్కా, మీరు కూర్చోండి. మీ కోసం మేం చేస్తాం," అన్నాను. ఆవిడ కూర్చుంది. అలా పదకొండు నెలలు కూర్చోబెట్టాం.

ఆ పదకొండు నెలలూ మేం గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేదు. ఐదు అవగాహన సభలు పెట్టాం. బెలూన్లు కట్టాం, క్విజ్ పెట్టాం, ప్రతిజ్ఞ చేశాం. ప్రతి సభలోనూ తాళాలక్కకు వేదిక మీద మధ్య కుర్చీ. ఆవిడ పక్కన నిలబడి ఫోటో దిగనివాళ్లు మా ఆఫీసులో లేరు. ఆ ఫోటోలో అందరికంటే వెడల్పుగా నవ్విన గుమాస్తాను మర్నాడు ఆవిడ బీరువా జరపడానికి ఒక చెయ్యి వెయ్యమంటే, నడుం పట్టేసిందన్నాడు. ముందురోజు అంతసేపు నిటారుగా నిలబడ్డాడు కదా పాపం!

గడియ విషయం మరిచామనుకుంటున్నారా? అదే మీ తొందరపాటు! రెండో మీటింగ్‌లో గడియ ఇత్తడిదా, ఉక్కుదా అని చర్చించాం. మూడో మీటింగ్‌లో ఒక సభ్యుడు లోతైన ప్రశ్న లేవదీశాడు. మన నినాదం 'తలుపులు తెరుద్దాం'. మరి తలుపు మూసుకునే గడియను మనమే బిగిస్తే జనం ఏమనుకుంటారు? అందరం తలలు పట్టుకున్నాం. ఆ నినాదం రాసింది నేనే. అంత మంచి నినాదాన్ని ఒక గడియ కోసం పాడుచేసుకుంటామా!

పైగా మేం చేతులు దులుపుకునే రకం కాదు. ప్రతి సభలో ఆవిడకు ఒక కానుక ఇచ్చాం. లీటరు పట్టే నీళ్ల బాటిల్, దాని మీద నీలం అక్షరాల్లో 'మేమున్నాం' అని. ఐదు సభలు, ఐదు బాటిళ్లు. ఆవిడ వాటిని తన పనిగదిలో అలమరలో వరుసగా పెట్టుకుంది. ఎంత భద్రంగా చూసుకుందంటే, ఒక్కదాంట్లోనూ చుక్క నీళ్లు పోయలేదు. కొత్తవాటిలా తళతళలాడుతున్నాయి. అభిమానమంటే అదీ!

ఈ సంగతి ఇంట్లో గర్వంగా చెప్పాను. నా భార్య కూరగాయలు తరుగుతున్నదల్లా ఆగింది.

"పొద్దున తొమ్మిదింటికి వచ్చి సాయంత్రం ఆరుదాకా ఆవిడ నీళ్లు తాగదా?"

"తాగినట్టు చూడలేదు."

"ఎందుకు తాగదో అడిగారా?"

"అది ఎజెండాలో లేదు."

"మీరు అధ్యక్షులు సరే, మనిషేనా అసలు?" అంది. ఇలాంటి వ్యక్తిగత విమర్శలకు కమిటీ స్పందించదు కాబట్టి నేను పేపరు చదువుకున్నాను.

నెల తిరక్కుండానే తాళాలక్క కడుపులో నొప్పితో నాలుగు రోజులు సెలవు పెట్టింది. కిడ్నీలో రాయి. డాక్టరు రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగమన్నాడట. మేం వెంటనే స్పందించాం. 'త్వరగా కోలుకోవాలి' అన్న కార్డుతో ఆరో బాటిల్ పంపాం.

ఇక ఆలస్యం పనికిరాదనుకుని ప్రారంభోత్సవానికి ముహూర్తం పెట్టేశాం. రెండు విడతలు. మొదటి విడతలో ముఖ్య అతిథి, అంటే మా పై ఆఫీసు పెద్ద మేడమ్, ఆ బాత్రూమ్ తలుపుకు కట్టిన రిబ్బన్ కత్తిరిస్తారు. రెండో విడతలో, అనుమతులన్నీ వచ్చాక, గడియ.

ఆ రోజు నా ఉపన్యాసం పదిహేడు పేజీలు. గొంతు కోసం మూడు గ్లాసుల పళ్లరసం తాగాను. మేడమ్ రావడానికి ఐదు నిమిషాలుందనగా నాకు అర్థమైంది, మూడో గ్లాసు ఎక్కువైందని.

మగవాళ్ల బాత్రూమ్‌కు పరుగెత్తాను. దాని తలుపుకు అడ్డంగా పూల సెల్ఫీ పాయింట్ మేకులు కొట్టి నిలబెట్టారు. అక్కడైతే వెలుతురు బాగుంటుందని స్థలం ఎంపిక చేసింది నేనే. లిఫ్ట్ ముఖ్య అతిథి కోసం కింద ఆపి ఉంచారు. మెట్లనిండా స్వాగత బృందం. వాళ్లను తోసుకుంటూ కిందికి పరుగెత్తే అధ్యక్షుణ్ణి చూస్తే సంస్థ పరువేం కాను? మిగిలింది ఒక్క తలుపు. దాని ముందు తాళాలక్క, భుజాన పనిసంచి, చేతిలో కత్తెర పెట్టిన పళ్లెం.

"అక్కా..." అన్నాను.

ఆవిడ నా మొహం వైపు ఒక్కసారి చూసింది. "వెళ్లండి సార్. నేనున్నా," అంది. ఈ మాట ఏ బాటిల్ మీదా రాసి లేదు.

రిబ్బన్ కింద నుంచి వంగి లోపలికి దూరాను. తలుపు దగ్గరికి వేశాను. గడియ ఉండాల్సిన చోట నాలుగు చిల్లులు. కూర్చుంటే తలుపు చేతికి అందదు, కాలు చాపినా అందదు. పదకొండు నెలల మీటింగ్ మినిట్స్‌లో ఈ కొలత ఎక్కడా లేదు. కొలతలే మా వృత్తి!

ఇంతలో చప్పట్లు. అడుగుల చప్పుడు. సరిగ్గా తలుపు అవతల.

"ఇదేనా? తెరవమ్మా, లోపల ఎలా ఉందో చూద్దాం." మేడమ్ గొంతు.

"లోపల మనిషున్నారండి," అంది తాళాలక్క.

"ఎవరు?"

"మనిషండి."

"ఒక్క ఫోటో మేడమ్, తలుపు తోస్తున్నట్టు," అన్నాడు ఫోటోగ్రాఫర్. తలుపు నాలుగు వేళ్ల మందాన కదిలింది. 'తలుపులు తెరుద్దాం' అని రాసిన ఈ చేత్తోనే గాల్లో దణ్ణం పెడుతూ, "తెరవకండి! తెరవకండి!" అని అరిచాను. తాళాలక్క పళ్లెం కింద పడేసి రెండు చేతులతో తలుపు లాగి పట్టుకుంది. కత్తెర ఎక్కడో ఖంగున మోగింది.

"సార్," అంది మెల్లగా, "కింద సందులోంచి తోస్తున్నా, తీసుకోండి."

గడియ వచ్చింది. నాలుగు మరలు వచ్చాయి. స్క్రూడ్రైవర్ వచ్చింది.

"కమిటీ ఆమోదం ఉందా సార్?"

"ఏకగ్రీవం!" అన్నాను.

నా జన్మలో స్క్రూడ్రైవర్ పట్టలేదు. బయట నుంచి ఆవిడ చెప్పింది, లోపల నేను తిప్పాను. "కుడివైపు సార్. మీ కుడి, సంతకాలు పెట్టే చెయ్యి. బలంగా కాదు, నిదానంగా." ముఖ్య అతిథి, స్వాగత బృందం, నా పదిహేడు పేజీలు, అన్నీ వరండాలో నిలబడ్డాయి. పది నిమిషాల పని నాకు ఇరవై పట్టింది. నాలుగో మర బిగిసింది. గడియ తోశాను. టక్కుమంది.

ఆ చప్పుడు మీరు రోజూ వింటూనే ఉంటారు, మీకేం తెలుస్తుంది? సిగ్గు విడిచి చెబుతున్నాను, ఏడుపొచ్చింది. నేను ఇరవై నిమిషాలు పడ్డ భయాన్ని ఆవిడ పదకొండు నెలలు పడింది. పడలేక నీళ్లు మానేసింది. మేం చప్పట్లు కొట్టాం.

మర్నాడు ఆ పేరులేని ఉత్తరం తీసి, నంబరు కొట్టేసి, చింపాను. దానికి రెండు సెకన్లు పట్టింది. ఇప్పుడు తాళాలక్క ఏ బాత్రూమ్‌కు వెళ్తుందో నాకు తెలియదు. నాకు తెలియకపోవడమే అసలు పద్ధతని నా భార్య అంది.

అయితే నష్టం కూడా చూడాలి కదా! కమిటీకి పని పోయింది. మొన్న ఆరో సభకు మధ్య కుర్చీ ఖాళీగా ఉంది. కబురు పెడితే, "ఐదో అంతస్తులో తలుపు ఒరుసుకుంటోంది సార్, నాకు పనుంది," అందట. తొమ్మిది మందిమి ఒకరి మొహాలొకరం చూసుకుని, ఒకరితో ఒకరం ఫోటో దిగి వచ్చేశాం.

అంతకంటే పెద్ద ఫిర్యాదు ఇంకొకటి ఉంది. నిన్న పదకొండు గంటలకు కుళాయి దగ్గర తాళాలక్క కనిపించింది. బాటిల్ నింపుకుంటోంది. ఆ పూట అది రెండోసారట. చెయ్యి తగిలి తగిలి బాటిల్ మీద అక్షరాలు చెరిగిపోతున్నాయి. 'మేమున్నాం'లో ఇక 'మే' మాత్రమే మిగిలింది, అదీ సగం.

ముద్రణ నాణ్యత మీద ఒక ఉపసంఘం వేద్దామని సభ్యులు పట్టుబడుతున్నారు. నేను ఒప్పుకోలేదు. చెరిగిపోనివ్వండి.