బాలింత మందు

ఆ శనివారం పొద్దున ప్రేమమ్మ పెట్టుకున్న పని పెద్దదేమీ కాదు. మొగుణ్ని మొదటి షిఫ్టుకు పంపాలి, మంచం కింద గొంగడిలో చుట్టి ఉంచిన జాడీ తీసి మందు వడగట్టాలి, దాన్ని అల్లంతో మరిగించి సీసాల్లో పోసి పెట్టుకోవాలి. నెలలు నిండాయి. కాన్పు ఇవాళో రేపో అన్నట్టుంది.

"షిఫ్టు దిగంగనే వస్త. జర పైలం," అన్నాడు దేవసహాయం, సద్దిగిన్నె అందుకుంటూ.

"నాకేం ఫికర్ లేదు. మీరు పోయిరాండ్రి," అందామె.

అన్నదే గానీ, అతని అడుగుల చప్పుడు ఆగిపోయేదాకా తలుపు దగ్గరే నిలబడింది. తొలికాన్పుకు అందరూ తల్లిగారింటికి పోతారు. కరీంనగర్ మిషన్ హాస్టల్లో పెరిగిన ప్రేమమ్మకు తల్లీ లేదు, ఆ ఇల్లూ లేదు. మందమర్రి గని క్వార్టర్లకు వానాకాలంలో వచ్చింది. నల్లా దగ్గరికి బిందెతో పోతే ఆడవాళ్లు మర్యాదగా జరిగి చోటిచ్చేవారు. చోటిచ్చి, మాటలాపేసేవారు. ఒక్కోరోజు మనిషి గొంతు వినబడాలని బైబిలు పైకి చదువుకునేది.

ఆమెను పలకరించింది ఒక్క చీనవ్వే. బజార్లో పళ్లు పీకే చీనా ఆయన భార్య. అతని దుకాణాన్ని అందరూ పండ్ల డాక్టరు దుకాణం అనేవారు. మొదట్లో జామపండ్లడిగినవాళ్లూ ఉన్నారు. చైనా యుద్ధం ఇంకా రాని రోజులు గనుక చీనా మనుషులంటే ఎవరికీ భయం లేదు, వింతే ఉండేది. పంటినొప్పితో వెళ్లిన ప్రేమమ్మ కడుపు మీద ఆ పెద్దావిడ చెయ్యి వేసి, "అవ్వ లేదా?" అని అడిగింది. లేదంటే, "నేను ఉన్న," అంది, తనకొచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లో.

బాలింత కోసం కాన్పుకు ముందే మందు తయారుచేసి ఉంచడం వాళ్ల ఆచారమట. కలకత్తా నుంచి తెప్పించిన జిగురు బియ్యం ఉడికించి, తెల్లటి ఉండ ఒకటి పొడిచేసి కలిపి, జాడీకెత్తించింది. పురుడయ్యాక నెలంతా ఆ మందులో అల్లం వేసి కోడికూర వండుకు తినాలి. "ఊకె మూత తియ్యకు బేటీ. అది పండుకున్నది. దానంతట అదే లేస్తది," అని చెప్పి పంపింది.

అది లేచింది. ప్రేమమ్మ పొయ్యి మీద పెట్టేసరికి తియ్యగా, పుల్లగా, ఘాటుగా వాసన లేచి గోడ దాటింది. రాత్రి షిఫ్టు దిగి పడుకున్న పక్కింటి రాజలింగు ముక్కుపుటాలు ఎగరేసుకుంటూ లేచి వచ్చాడు.

"చెల్లే, ఏం కాస్తున్నవ్?"

"మందన్నా."

రాజలింగు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మందా?"

"అవునన్నా, నేనే చేసిన. మొగోళ్లు తాగొచ్చునో లేదో తెల్వది."

"మొగోళ్లకైతే ఇంకా మంచిది చెల్లే!"

గిన్నెడు తాగి, పెదవులు తుడుచుకుని వెళ్లిపోయాడు. కాసేపటికి క్వార్టర్ల లైనులోని మగవాళ్లు ఒక్కొక్కరే చెంబులతో రాసాగారు. "పానం మంచిగున్నదా అక్కా?" అని ఒకడు, "ఒక్కదానివే ఎట్లుంటున్నవ్?" అని మరొకడు. ఆ ఇంటి గడపలో ఇంతమంది నిలబడటం ప్రేమమ్మ ఎన్నడూ చూడలేదు. కళ్లు తుడుచుకుంటూ అందరికీ పోసింది. ఒకాయన గడప మీద కూర్చుని చచ్చిపోయిన ఎద్దును తలచుకుని ఏడ్చాడు. మందు బాగా పనిచేస్తోందనుకుంది.

కబురు చర్చిదాకా పోయింది. తోమాసు పాదిరిగారు గొడుగు మడిచి లోపలికొచ్చాడు.

"ప్రేమమ్మా, ఏమమ్మా గిది?"

"మందు అయ్యగారూ."

"గదే విన్న. నమ్మలే."

నిజం తేలాలి గనుక ఒక గుక్క తాగాడు. ఒక గుక్కలో తేలలేదు. రెండోదానికి కుర్చీలో కూర్చున్నాడు.

అప్పుడొచ్చాడు ఆబ్కారీ జవాను అంబదాసు, ఆదిలాబాద్ అవతలి మరాఠీవాడు. ఖాకీ నిక్కరు కనబడగానే మగవాళ్లు పెరటిగోడ దూకి మాయమయ్యారు. ఏడుస్తున్నాయన కూడా ఏడుపాపి దూకాడు.

"ఎవలు కాసిండ్రు గిది?"

"నేనే," అంది ప్రేమమ్మ గర్వంగా.

"ఎంతమందికి పోసినవ్?"

"వచ్చినోళ్లందరికి పోసిన. పాపం, గిన్ని దినాలకు నన్ను చూడ వచ్చిండ్రు."

"గిది దారూ బాయీ! సారా!"

ప్రేమమ్మ పాదిరిగారి వైపు చూసింది. పాదిరిగారు గ్లాసు వైపు చూశాడు.

"అంటే... వాళ్లు నాకోసం రాలేదా?"

అంబదాసు ఎన్నో సారాబట్టీలు పట్టుకున్నాడు గానీ, ఈ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు. అంతలోనే ప్రేమమ్మ ద్వారబంధం పట్టుకుని వంగిపోయింది. నొప్పులు మొదలయ్యాయి.

మొగుడికి తాగబోసినందుకు నిలదీద్దామని రాజలింగు భార్య ఎల్లక్క సరిగ్గా అప్పుడే చీపురుతో వచ్చింది. ప్రేమమ్మ ముఖం చూసి చీపురు పారేసింది.

"నొప్పులా బిడ్డా? ఒక్క కేకేస్తే రాకపోదునా?"

"ఏమని పిలవాల్నో తెల్వలే..."

ఎల్లక్క ఆమెను నడుం పట్టుకుని మంచం మీద పడుకోబెట్టింది. తర్వాత ఆ లైనంతా వినబడేట్టు ఆడవాళ్లను పిలిచింది. పాదిరిగారిని పొయ్యి ఊదమంది. మందు నేర్పిన చీనవ్వ కావాలని ప్రేమమ్మ మూలిగితే, అంబదాసును ఆమె కోసం తరిమింది. అతను ఆమెను ముద్దాయిగా పట్టుకొద్దామనే వెళ్లాడు. కబురు వినగానే చీనవ్వ ఒక కోడిపెట్టను అతని చేతిలో పెట్టి ముందు నడిచింది. అరుస్తున్న కోడితో, ఆమె వెనకాల పరుగెత్తుతున్న జవానును బజారంతా చూసింది.

పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టింది. వెంటనే తగువు మొదలైంది.

"వేడినీళ్లు పొయ్యాలె," అంది ఎల్లక్క.

"నీళ్లు నై! నెల దాక నై!" అంది చీనవ్వ.

ఇద్దరూ అరుచుకుంటూనే, బాలింత చెవులకు గాలి తగలకుండా కట్టడానికి చెరొక గుడ్డ తీశారు. ఒకరి చేతిలోది ఒకరు చూసి నవ్వారు.

"కలకత్తాల నేను గూడ జాడీ పెట్టిన," అంది చీనవ్వ, నవ్వు తగ్గాక. "నా బచ్చా బతకలే. జాడీ ఎవ్వరు తియ్యలే."

ఎల్లక్క తగువు ఊసెత్తకుండా పసిపిల్లను తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. స్నానం సంగతి తర్వాత తేలింది. ఒళ్లు తుడవాలి, తల తడపొద్దు.

ఇంటి మీద ఆబ్కారీవాళ్లు పడ్డారని గని దగ్గర విని దేవసహాయం బొగ్గుముఖంతోనే పరుగెత్తుకొచ్చాడు. పొయ్యి ముందు పాదిరిగారు, పెరట్లో కోడి ఈకలు పీకుతున్న జవాను కనిపించారు.

"ఏమైంది సార్?" అని అడిగాడు జవానును.

"ఆడపిల్ల," అన్నాడు అంబదాసు.

మిగిలిన మందంతా కోడికూరలో పోసి వండారు. బాలింత తిన్నాక వచ్చినవాళ్లూ తిన్నారు. అంబదాసు గిన్నె తుడిచి తిన్నాక గానీ సాక్ష్యం పట్టుకుపోవాలని గుర్తురాలేదు. జాడీ వంచి చూశాడు. చుక్క లేదు. ఏమీ దొరకలేదని సర్కిల్ సాబుకు చెప్పాడు, కాస్త దూరంగా నిలబడి.

మర్నాటి నుంచి ప్రేమమ్మ నల్లా దగ్గరికి పోలేదు. వంతులేసుకుని ఆడవాళ్లే నీళ్లు తెచ్చారు. తెచ్చినవాళ్లు తొందరగా పోలేదు. దేవసహాయం షిఫ్టు దిగి వచ్చి, కూర్చోడానికి చోటు లేక అరుగు మీద అన్నం తినేవాడు.

ఆ వారంలోనే, ఇంట్లో బాలింత ఉందనీ, జర మందిప్పించమనీ చీనవ్వను వెతుక్కుంటూ పండ్ల డాక్టరు దుకాణానికి చాలామంది మగవాళ్లు వచ్చారు. వాళ్లలో సగంమందికి ఇంకా పెండ్లి కాలేదు.