రెండో నంబరు నాది

పనీపాటా లేకుండా గౌరవంగా బతకాలంటే ఈ భూమ్మీద ఒకటే మార్గం. స్టాండ్‌బై స్విచ్‌గా పుట్టాలి!

నమ్మరా? విజయవాడలో ఒక కోచింగ్ కాలేజీకి నెట్‌వర్కు చూస్తుంటాను నేను. మా సర్వర్ రూములో కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్ పెట్టెలు రెండుంటాయి. ఆన్‌లైన్ పరీక్షల భారమంతా మొదటిదే మోస్తుంది. రెండోది ఊరికే కూర్చుని పచ్చలైట్లు వెలిగించుకుంటుంది. మొదటిది ఆగిపోతే రెండోది పని అందుకోవాలి. దాన్నే ఫెయిలోవర్ అంటారు. మాది ఇంతవరకూ ఆగలేదు. అయినా రెండోదానికీ అదే ఏసీ, అదే కరెంటు, దసరాకి అదే బొట్టు, అదే నిమ్మకాయ! ఇంతకు మించిన ఉద్యోగం ఎక్కడైనా ఉందా?

ఆ వైభోగం చూసి కన్నుకుట్టి, పటమటలో మా ఫ్లాటునీ అలాగే కాన్ఫిగర్ చేసేశాను. మా ఆవిడ రామతులసి మెయిన్, నేను స్టాండ్‌బై. పాలు, గ్యాసు, టీకాలు, పేరెంట్స్ మీటింగు అన్నీ ఆవిడే. మా పాప సింధూరి రెండో తరగతి. అవసరమైతే ఫోను చెయ్యడానికి స్కూల్లో ఇచ్చిన మొదటి నంబరు వాళ్లమ్మది, రెండో నంబరు నాది. ఎంత ప్రశాంతమైన జీవితమండీ! సోఫాలో నేను, చేతిలో ఫోను.

మొన్న రామతులసి పామర్రులో పెళ్లికి వెళ్లింది. మేళాల హోరులో ఆవిడకి ఫోను వినపడలేదు. స్కూలువాళ్లు నాకు చేశారు. పాపకి ఒళ్లు కాలిపోతోందట.

ఫెయిలోవర్! ఆటోలో పరుగెత్తాను. రామతులసికి ఫోను చేస్తూనే ఉండమని ఎదురు ఫ్లాటు షహనాజ్ గారికి పురమాయించాను కూడా. స్కూలు గేటు దగ్గర "పాపది ఏ సెక్షనండీ?" అన్నారు. ఫోను చేసింది మీరు, మీకు తెలియదా అని దబాయించాను.

ఆసుపత్రిలో పాప కళ్లు తెరవడం లేదు.

"ఏ మందన్నా పడదా అండీ?" అన్నారు డాక్టరుగారు.

"అన్నీ పడతాయండీ," అన్నాను ధీమాగా.

ఆయన పెన్సిలిన్ రాశారు, నర్సు సిరంజి తీసింది. అంతలో షహనాజ్ గారి ఫోను.

"ఆవిడింకా ఎత్తట్లేదండీ. డాక్టరుగారేమన్నారు?"

"పెన్సిలిన్ ఇంజెక్షన్ చేస్తున్నారండీ."

"అయ్యో, ఆపండి! పాపకి పెన్సిలిన్ పడదు కదండీ! పోయినేడు మొహమంతా వాచిపోలా? మీకు తెలీదా?"

ఆపండని అరిచాను. నర్సు చెయ్యి ఆగింది.

తెలియకపోవడమేమిటి? రామతులసి చెప్పింది. చాలాసార్లు చెప్పింది. అసలు రెండో స్విచ్ ఊరికే కూర్చోదండీ. అది నాకు అన్నం పెట్టే విద్య, అయినా పైన మీకు అబద్ధం చెప్పాను. మొదటిదాంట్లో ఏ చిన్న మార్పు జరిగినా ఎప్పటికప్పుడు రెండోదానికి చేరుతుంది. అది వింటుంది, దాచుకుంటుంది. అందుకే అవసరమైనప్పుడు పనికొస్తుంది. నేను ఫోనులోంచి తలెత్తకుండా "ఊఁ" అనేవాణ్ణి.

సింధూరికి తగ్గిపోయింది. రామతులసి పెళ్లి నుంచి తిరిగొచ్చింది. నేరుగా స్కూలుకి వెళ్లి కాన్ఫిగరేషన్ మార్చేసింది. ఇప్పుడు రెండో నంబరు షహనాజ్ గారిది. నాది మూడోది.

ఇంత అన్యాయమా, నాకో మాట చెప్పొద్దా అని నిలదీశాను.

చెప్పిందట. నేను "ఊఁ" అన్నానట.