పత్రికను తగలబెట్టండి, ప్లీజ్!

గుడియాత్తం బజారులో మా ఊరి తెలుగు వారపత్రిక భగభగ మండుతోంది. పోలీసు జీపు రోడ్డుకి అడ్డంగా నిలబడింది. షాపుల షట్టర్లు దడదడ పడుతున్నాయి. ఆహా, పత్రికా రంగానికి ఇంత మంచి రోజు మళ్లీ వస్తుందా!

నవ్వకండి. కార్టూన్ల మీద జనానికి కోపం రావడం దేశానికి వరం.

మా వైపు తెలుగు మాట్లాడేవాళ్లు వీధి నిండా ఉంటారు. చదువంతా తమిళ బడిలోనే కాబట్టి తెలుగు చదవగలిగేవాడు వీధికి ఒక్కడు, ఆ ఒక్కడూ కళ్లజోడు వెతుక్కుంటూ ఉంటాడు. అలాంటి పత్రికను జనం ఎగబడి కొన్నారంటే ఎందుకు? బొమ్మకి అక్షరాలతో పనిలేదు. పైగా తగలబెట్టాలంటే ముందు కొనాలి కదా! నాట్రంపల్లి నుంచి మనిషొచ్చాడు. అరక్కోణం నుంచి ఫోనొచ్చింది. మా ఊరి అగ్గిపెట్టెలకు కూడా గిరాకీ పెరిగింది!

ఇక పత్రికా స్వేచ్ఛ వీరులు! బాగాయంలో ఏసీ హాలు తీసుకుని, ‘కలానికి సంకెళ్లా?’ అని గర్జించారు. వారిలో ఒక్కరైనా ఆ కార్టూన్ చూశారా? ఎందుకు చూస్తారు? చూస్తే గొంతు తగ్గిపోదూ!

ఇంతకీ కార్టూన్లో ఏముంది? టోపీ, గడ్డం పెట్టుకున్న మనిషొకడు నమాజు చాప మీద కూర్చుని, ఊరి చెరువును స్ట్రా వేసుకుని తాగేస్తున్నాడు. గీసింది జయకుమార్. ఒకప్పుడు అగ్గిపెట్టెల లేబుళ్లకు బొమ్మలు వేసి తల నెరిసిన మనిషి. సాయంత్రం శాంతి కమిటీ ముందు నేరమంతా తనదేనని ఒప్పుకోవాలని పత్రిక ఓనరు చిన్నస్వామి హుకుం. లేదంటే ఉద్యోగం పోతుంది, కేసు మిగులుతుంది.

కమిటీ అధ్యక్షుడు చెరువు ఒడ్డున వెలసిన హేమప్రియ నగర్ ప్లాట్ల ఓనరు ప్రదీప్. తెల్ల చొక్కా, చేతిలో మైకు, అందరికీ బాదం పాలు. శాంతి అంటే ప్రాణం ఆయనకు. పత్రిక చివరి పేజీ వారం వారం ఆయన ప్రకటనకే అంకితం.

సాయంత్రం కమిటీ కూర్చోగానే లుంగీల వ్యాపారి వాజిద్ భాయ్ లేచాడు.

“జయకుమారూ, మీ పాప పెండ్లికి బిరియాని వండిన పెద్ద అండా మా వాకిట్లోనే కదప్పా దించినారు! చెరువు మేము తాగినామా?”

“లేదు భాయ్.”

“మరి ఆ టోపీ యాడ దొరికింది నీకు?”

జయకుమార్ గొంతు సవరించుకున్నాడు. “నేను గీసినప్పుడు టోపీ లేదు, గడ్డమూ లేదు, చాపా లేదు. మొగం అచ్చు దించినట్టు వచ్చినాది. మా ఓనరు చిన్నస్వామన్న చూసి అదిరిపోయినాడు. ‘గడ్డం అతికించప్పా, ఎవురికీ గుర్తు దొరకదు’ అన్నాడు.”

చిన్నస్వామికి దగ్గు మొదలైంది. పత్రికా స్వేచ్ఛకు దగ్గు రావడం నేనదే మొదటిసారి చూడ్డం!

చూశారా, మన స్వేచ్ఛ ఎంత విశాలమో? ఒక మతాన్ని మొత్తం దొంగగా గీయొచ్చు. ఒక్క ప్రకటనదారుడి ముక్కు మాత్రం గీయకూడదు! మసీదు వీధి మండితే సర్క్యులేషన్. చివరి పేజీ ఖాళీ అయితే సర్వనాశనం!

చెరువు కింద మడి ఎండిపోయిన సెల్లమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

“గడ్డం పీకేస్తే ఎవురు నాయనా అది? పేరు చెప్పు!”

అధ్యక్షుడు మైకు అందుకున్నాడు. “అమ్మా, శాంతి! పేర్లు వద్దమ్మా. బాదం పాలు చల్లారిపోతా ఉండాయి...”

“నువ్వు కూసో సామీ. నా మడి ఎండిపోయిండాది, నీకు పాలు చల్లారుతాయని బాధా?”

చిన్నస్వామి వెనక నుంచి చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు. జయకుమార్ అటు చూడలేదు. నేరుగా వాజిద్ భాయ్ ఎదుటికి వెళ్లి రెండు చేతులూ జోడించాడు.

“భాయ్, ఎవురు చెప్పినా గడ్డం అతికించింది నా చెయ్యే. మీ అందరికీ నొప్పి చేసినాను, మన్నించండి. దాని కింద ఉండే మొగం మాత్రం...”

కుర్చీల వరస వైపు తిరిగి, మైకు లేకుండానే అరిచాడు.

“ఈ ప్రదీపు!”