వెళ్లిపోయిన మాస్టారి నోటీసు కాలం

ఒక దేశంలో నాగరికత ఏ మేరకు ముదిరిందో తెలియాలంటే అక్కడ ఉద్యోగం ఎలా ఇస్తారన్నది కాదు, ఎలా వదలనిస్తారన్నది చూడాలి. ఆ లెక్కన ఈ కథ జరిగిన దేశం నాగరికతకు పరాకాష్ఠ. అక్కడ బడిలో చేరడానికి ఒక్క సంతకం చాలు. మానడానికి పదకొండు కావాలి. ఆ పదకొండో సంతకం పెట్టవలసిన అధికారి పదవిని ఇంకా సృష్టించలేదు. (సృష్టించే ఆలోచన ఉందని ఏటా ప్రకటిస్తున్నారు కాబట్టి ఎవరూ నిరాశపడనక్కర్లేదు.)

అంతటి దేశం నుంచి మన భూగోళం మాస్టారు ఒకనాడు చెప్పాపెట్టకుండా వచ్చేశారు.

తప్పు ఆయనదో కాదో తేల్చేముందు జరిగింది వినాలి. ఆయన అక్కడ ఆరో తరగతికి భూగోళం చెబుతుండేవారు. భార్య నర్సు. తొలికాన్పుకని స్వదేశంలో పుట్టింటికి వెళ్లింది. నెల తర్వాత రావలసిన నొప్పులు ఓ మధ్యాహ్నం ముందుగానే వచ్చేశాయి. బావమరిది ఫోన్ చేసి, "బావా, అక్కని ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం, నువ్వు బయల్దేరు" అన్నాడు. మాస్టారు పాఠం మధ్యలో ఆపి హెడ్మాస్టరు గదికి పరుగెత్తారు.

హెడ్మాస్టరు చెడ్డవాడు కాడు. నియమావళి మొత్తం కంఠతా వచ్చినవాడు, అంతే.

"పురుటి సెలవుకి ప్రసవించే వ్యక్తే దరఖాస్తు పెట్టుకోవాలి మాస్టారూ," అన్నాడాయన.

"ఆవిడ ఈ బడిలో పనిచేయదు కదండీ."

"అయితే ఆవిడకి మన సెలవు అవసరమే లేదు."

"సెలవు ఆవిడకి కాదండీ, నాకు."

"మీరు ప్రసవిస్తున్నారా?"

"లేదండీ."

"మరి?" అన్నాడు హెడ్మాస్టరు, చిక్కుముడి విప్పినవాడిలా చిరునవ్వు నవ్వి.

మాస్టారు తరగతికి తిరిగొచ్చారు. బోర్డు మీద నది సగం గీసి ఉంది. సుద్దముక్క పట్టుకుని ఇంకో రెండు వంపులు గీశారు. మూడో వంపు దగ్గర చెయ్యి ఆగిపోయింది. సుద్దముక్క బల్ల మీద పెట్టి, లంచ్ బాక్సు సంచీలో వేసుకుని, గేటు దాటి, దొరికిన మొదటి బస్సు ఎక్కేశారు. ఆయన విమానం దిగేసరికి కూతురు పుట్టి, ఒక నిద్ర తీసి, రెండో నిద్రకు సిద్ధంగా ఉంది.

నాలుగేళ్లు గడిచాయి. విధికి వేళాకోళం ఎక్కువ. నర్సుగారికి ఉద్యోగం వచ్చింది, అదీ ఆ దేశంలోనే, ఆ ఊళ్లోనే. ఆస్పత్రిలో పిల్లల్ని చూసుకునే గది ఉందనడంతో ఆవిడ పాపను తీసుకుని ముందు వెళ్లింది. వెనకే మాస్టారికీ ఒక బడి దొరికింది. కొత్త బడి. పాత బడికి సరిగ్గా ఎదురుగా, వీధికి అవతలి పక్క. ఫోన్లోనే పాఠం చెప్పించుకుని వాళ్లు మురిసిపోయారు. "పాత బడి నుంచి విడుదల పత్రం పట్టుకొచ్చేయండి సార్, చాలు," అన్నారు, దారిలో కొత్తిమీర కట్ట తెమ్మన్నంత తేలిగ్గా.

మాస్టారు ఆ దేశపు పునరాగమన శాఖకు ఫోన్ చేశారు. అక్కడి అధికారిణిది జోలపాడే గొంతు.

"మీరు తిరిగి రావడమేమిటండీ? మీరిక్కడే ఉన్నారు కదా," అందావిడ.

"లేనమ్మా. మా ఇంట్లో, మంచం మీద కూర్చుని మాట్లాడుతున్నాను."

"మా దగ్గర మీరు ఉద్యోగంలో ఉన్నట్టే ఉందండీ. వెళ్లినట్టు లేదు."

"విమానం ఎక్కానమ్మా. పాస్‌పోర్టు మీద ముద్ర కూడా వేశారు."

"అది మీరు దేశం దాటారనడానికి. ఉద్యోగం దాటారనడానికి కాదు."

ఆ తర్వాత ఆవిడ ఎంతో ఓపిగ్గా మార్గం చెప్పింది. మాస్టారు ముందుగా పాత బడికి వచ్చి, మూడు నెలల నోటీసు కాలం పూర్తిచేసి, పద్ధతిగా వెళ్లిపోవాలి. అప్పుడు పద్ధతిగా రావచ్చు. ఇందుకోసం ప్రత్యేకంగా ఒక వీసా ఉంది. దాన్ని వెళ్లిపోవడానికి వచ్చేవారి వీసా అంటారు. దాని మీద వచ్చినవారికి పదకొండు సంతకాలు అక్కర్లేదు, హెడ్మాస్టరుది ఒక్కటి చాలు. (వచ్చిపోయేవారి వీసా వేరు. ఆ రెంటినీ కలిపి చూసినవారి దరఖాస్తును మూడోదాని కింద తిరస్కరిస్తారు.)

బావమరిదికి ఇది ఇట్టే అర్థమైంది. "అంతేగా బావా. కంచం ముందు నుంచి అలిగి లేచిపోయినవాడు ముందు ఆ ముద్దలు మింగి, చెయ్యి కడుక్కుంటేగాని ఇంకో ఇంట్లో భోజనానికి కూర్చోనివ్వరన్నమాట."

"నాలుగేళ్ల కిందటి ముద్దలురా అవి," అన్నారు మాస్టారు.

ఆ రాత్రి నర్సుగారు ఫోన్లో తేల్చి చెప్పేసింది. "ఏవండీ, ముద్దలో మట్టిగడ్డలో, మింగి వచ్చెయ్యండి. గోడ మీద మేకు కొట్టాలన్నా పక్కింటాయన్ని బతిమాలుకోవాల్సొస్తోంది. మీ కూతురు ఆయన్ని మేకు నాన్న అంటోంది."

ఆ మాటతో మాస్టారి పెట్టె సర్దుడు పూర్తయింది.

విమానాశ్రయంలో కిటికీ అవతల కూర్చున్న ఉద్యోగి తల ఎత్తకుండానే అడిగాడు. "ఏ పని మీద వచ్చారు?"

"వెళ్లిపోవడానికండీ."

అతను తల ఎత్తాడు. రోజంతా అబద్ధాలు విని విసిగిన కళ్లలో తొలిసారి గౌరవం కనిపించింది. ముద్ర గట్టిగా వేశాడు.

పాత బడిలో పెద్దగా ఏమీ మారలేదు. హెడ్మాస్టరు జుట్టు మాత్రం తెల్లబడింది. భూగోళం తరగతికి వేరే మాస్టారు వచ్చేశాడు. అయినా మన మాస్టారికి క్లాసులోకి వెళ్లే యోగం లేదు. వెళ్లిపోయే ఉపాధ్యాయుడికి మనసు పాఠంలో ఉండదు గనుక నోటీసు కాలంలో అతడు సుద్దముక్క ముట్టరాదని నియమం. ఆయనకు మెట్ల కింద గది ఇచ్చారు. అందులో చుట్టచుట్టిన పటాలు, చిలక్కొయ్య లేని గోడ, ఇరుసు విరిగి ఒక పక్కకే తిరిగే గ్లోబు ఉన్నాయి. ఉదయం వచ్చి కూర్చోవాలి. సాయంత్రం లేవాలి. మధ్యలో వెళ్లిపోతూ ఉండాలి.

రెండో వారంలో ఒక పిల్ల గుమ్మంలో నిలబడింది. ఒకప్పటి ఆరో తరగతి పిల్ల, ఇప్పుడు బాగా పొడవైంది.

"సార్, ఆ నది సముద్రంలో కలిసింది," అంది. "కొత్త సారు మర్నాడే కలిపేశారు."

"మంచిదమ్మా."

"మీరైతే దారిలో ఊళ్లన్నీ చూపించేవారు," అని, గంట కొట్టగానే పారిపోయింది.

మాస్టారు చాలాసేపు గ్లోబును ఆ ఒక్క పక్కకే తిప్పుతూ కూర్చున్నారు. సుద్దముక్క కోసం చెయ్యి లాగింది. గదిలో బోర్డు కూడా లేదు.

ఆ తర్వాత అసలు రద్దీ మొదలైంది. ముందు లెక్కల మేడం వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. ఆ రోజు మీరు ఏ గేటు నుంచి వెళ్లారు?"

"పెద్ద గేటు నుంచేనమ్మా."

"పెద్ద గేటు నుంచా! ఎవరూ ఆపలేదా?"

"వాచ్‌మన్ నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టాను."

మేడం గుండెల మీద చెయ్యి వేసుకుంది. ఆవిడ ఆరేళ్లుగా పదకొండో సంతకం కోసం చూస్తోంది. ఆవిడ వెనక డ్రిల్లు మాస్టారు, ఆయన వెనక సైన్సు మాస్టార్లు ఇద్దరూ వచ్చారు. అందరిదీ ఒకటే ప్రశ్న. స్వర్గం దాకా వెళ్లి, గొడుగు మర్చిపోయి వెనక్కి వచ్చినవాడిని చూసినట్టు చూశారు. మెట్ల కింద గది ముందు వరస కట్టవలసి వచ్చింది. వరస ఉన్నచోట పద్ధతి ఉండాలి గనుక ఆఫీసు గుమాస్తా టోకెన్లు ఇవ్వడం మొదలుపెట్టాడు. (మొదటి టోకెను ఆయనే ఉంచుకున్నాడు.)

చివరికి ఒక మధ్యాహ్నం హెడ్మాస్టరే వచ్చాడు. టోకెను లేకుండా వచ్చినందుకు క్షమాపణ చెప్పి, పటాల చుట్ట మీద కూర్చున్నాడు.

"పాప బాగుందా?" అన్నాడు.

తిరిగొచ్చాక ఆ బడిలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. మాస్టారు తడబడ్డారు. "బాగుందండీ. మాటలు నేర్చింది. ఆగడం నేర్వలేదు."

"ఆ రోజు మీరు నన్ను అడక్కుండా ఉండాల్సింది మాస్టారూ. అడిగితే నియమం చెప్పక తప్పదు నాకు. ఊరికే చెప్పి వెళ్లుంటే, వినపడనట్టు ఊరుకునేవాణ్ని. నాకు ఎడం చెవి సరిగ్గా పనిచేయదు. మీరు కుడివైపు నిలబడ్డారు."

"నాకు తెలీదండీ."

"ఎవరికీ తెలీదు." హెడ్మాస్టరు గ్లోబును ఇంకో పక్కకు తిప్పబోయాడు. అది తిరగలేదు. "సముద్రం అవతల మా అమ్మాయి పెళ్లికి నేను వెళ్లలేదు. నా సెలవు నేను మంజూరు చేసుకోకూడదు. నా పైన చేసేవాడు లేడు. కన్యాదానం మా తమ్ముడు చేశాడు. ఇప్పుడు దానికి ఏడో నెల."

హెడ్మాస్టరు తలుపు వైపు ఒకసారి చూసుకున్నాడు.

"బస్సు ఎక్కాక వెనక్కి చూడాలనిపించిందా?" అన్నాడాయన, గొంతు తగ్గించి.

"మొదటి మలుపు దాకా అనిపించిందండీ. తర్వాత విమానం తప్పిపోతుందేమోనన్న భయంలో మర్చిపోయాను."

హెడ్మాస్టరు బుద్ధిమంతుడైన విద్యార్థిలా తల ఊపి, లేచి, మోకాళ్ల మీది దుమ్ము దులుపుకున్నాడు. పోతూ పోతూ మాస్టారి భుజం తట్టాడు. మాస్టారికి ఆ స్పర్శ ఎందుకో విమానాశ్రయంలో మనుషులు తట్టేలా అనిపించింది.

నోటీసు కాలం ముగిసిన రోజు మాస్టారు తలదువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, విడుదల కోసం హెడ్మాస్టరు గదికి వెళ్లారు. కుర్చీకి కోటు వేలాడుతోంది. కోటులో మనిషి లేడు.

"రాలేదండీ," అన్నాడు గుమాస్తా.

"ఎప్పుడొస్తారు?"

గుమాస్తా కిటికీలోంచి ఆకాశం వైపు చూశాడు. "ఈపాటికి సముద్రం దాటేసుంటారండీ."

పునరాగమన శాఖ తొణకలేదు. హెడ్మాస్టరు లేనప్పుడు, సర్వీసులో ఒక్క విరామం కూడా లేని సీనియరు ఆ బాధ్యత తీసుకోవాలి. మిగతా అందరూ ఎప్పుడో ఒకప్పుడు జ్వరానికో దినానికో సెలవు పెట్టినవాళ్లే. నాలుగేళ్లలో ఒక్కసారైనా సెలవు దరఖాస్తు పెట్టని ఉపాధ్యాయుడు బడి మొత్తంలో ఒకే ఒక్కరున్నారు. ఆ విధంగా భూగోళం మాస్టారు హెడ్మాస్టరయ్యారు. ఎవరి విడుదల పత్రం మీద వారే సంతకం పెట్టుకోరాదు కాబట్టి ఆయన విడుదల ఆగింది.

"పోనీ, కొత్త బడివాళ్లనైనా ఆగమని చెప్పనా?" అన్నారు మాస్టారు ఇంటికొచ్చి.

"వాళ్లే ఫోన్ చేశారండీ," అంది నర్సుగారు. "మీరు హెడ్మాస్టరయ్యారటగా. అంత పెద్దాయనకి ఆరో తరగతి అప్పజెప్పడానికి మొహమాటంగా ఉందట. వేరేవాళ్లని పెట్టుకున్నారు."

పాప తండ్రి ఒళ్లోకి ఎక్కింది. "నాన్నా, నువ్వు పోతావా ఉంటావా?"

"శాఖవాళ్లు చెప్పాలమ్మా," అన్నారు మాస్టారు. భార్య ఆయన చేతికి సుత్తి, నాలుగు మేకులు ఇచ్చింది. ఆ సాయంత్రం గోడ మీద నాలుగూ దిగాయి. ఒకటి వంకరగా దిగింది.

ఇదిలా ఉండగా హెడ్మాస్టర్లే చెప్పకుండా వెళ్లిపోతే దేశం ఏమైపోవాలని శాఖ ఆందోళన చెందింది. ఉన్నచోటే ఉండటం గురించి ఊరి ఉపాధ్యాయులందరికీ ఒక రోజు శిక్షణ తప్పనిసరి చేసింది. పాఠం చెప్పడానికి, వెళ్లి మళ్లీ వచ్చిన ఏకైక మనిషిగా, మన మాస్టారిని పిలిచింది. హెడ్మాస్టరు కూడా సుద్దముక్క ముట్టకూడదనే నియమం ఉందిగాని, శిక్షణ పాఠం కిందికి రాదని శాఖ వివరణ ఇచ్చింది.

ఎన్నాళ్లకో చేతికి సుద్ద అంటింది. మాస్టారు శాఖ రాసిచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టి, మనసులో ఉన్నది చెప్పడం మొదలుపెట్టారు. మనిషి ఒకచోట ఎందుకు ఉంటాడు, అతని కోసం ఎవరు ఎదురుచూస్తుంటారు, అడిగినప్పుడు వెళ్లనిస్తే ఎంత తొందరగా తిరిగొస్తాడు అని. అంత మంచి పాఠం ఆయన జీవితంలో చెప్పలేదు. లెక్కల మేడం కళ్లు తుడుచుకుంది. డ్రిల్లు మాస్టారు బయట కిటికీ వైపే చూస్తూ విన్నాడు. తర్వాత టీ కోసం విరామం ఇచ్చారు.

విరామం అయ్యాక హాల్లో ఖాళీ కుర్చీలు, వాటి ముందు చల్లారిన కప్పులు మిగిలాయి. హాజరు మాత్రం ఉదయమే నూటికి నూరు తీసుకున్నారు కాబట్టి మాస్టారు నియమం ప్రకారం పాఠం సాయంత్రం దాకా చెప్పారు.

ఆ ఏడాది ఉత్తమ బోధకుడి పురస్కారం ఆయనకే ఇచ్చారు. ఆయన తరగతిలో ఎవరూ అల్లరి చేయలేదని ప్రశంసలో ప్రత్యేకంగా రాశారు.