అడిగి మరీ తీసుకునే ఆట

ఫోన్‌లో ఉచితంగా దొరికే ఆటను మించిన మర్యాదస్తుణ్ణి నేను ఈ జన్మలో చూడలేదు. కోప్పడకండి, చెప్పేది పూర్తిగా వినండి!

మా ఇంట్లో నన్ను అడిగి ఎవరు ఏం చేశారు గనక? మా బావమరిది నా కళ్ళజోడు పెట్టుకుని పేపరు చదువుతాడు, అడగడు. మా అమ్మాయి నా ఛార్జరు పట్టుకుపోతుంది, అడగదు. పై వాటా పెద్దాయన మా గుమ్మంలో నిలబడి మా మాటలన్నీ విన్నాక, అప్పుడు తలుపు కొడతాడు. అలాంటిది, ద్రాక్షపండ్లు పగలగొట్టే ఒక ఆట నా ముందు చేతులు కట్టుకుని నిలబడి, మీ ఫోటోలు చూడవచ్చునా, మీ మాటలు వినవచ్చునా, మీరెక్కడున్నారో తెలుసుకోవచ్చునా అని అడిగింది. ఇంత గౌరవం నాకు మా పెళ్ళిలో కూడా దక్కలేదు.

"ద్రాక్షపండ్లు పగలడానికి నీ మైకు దేనికి బావా?" అని మా బావమరిది లా పాయింటు లాగాడు.

దేనికేమిటి? పండు పగిలినప్పుడు నేను ఆహా అంటాను కదా, ఆ ఆహా దానికి వినపడొద్దూ? నేనెక్కడున్నానో తెలియకపోతే పండు ఎక్కడ పగలాలో దానికెలా తెలుస్తుంది? ఇక ఫోటోలంటారా, మా పెళ్ళి ఆల్బం చూడమని ఎన్నేళ్ళుగా బతిమాలుతున్నా ఒక్క చుట్టమూ చూసిన పాపాన పోలేదు. ఇది తనంతట తనే చూస్తానంటోంది! కాదంటే నష్టం ఎవరికి?

'వద్దు' అనే బొత్తాం కూడా ఉంది. అబద్ధమెందుకు, ఒకసారి నొక్కి చూశాను. ఆట అలిగి మూతపడింది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ అవే ప్రశ్నలు, అంతే వినయంగా. మూడోసారికి నాకే మొహమాటం వేసి 'సరే' నొక్కాను. షరతులు చదవలేదా అని మీరు అడుగుతారు. నలభై ఏడు పేజీలండీ! అంత మర్యాదగా అడుగుతున్నవాడి ముందు కాగితాలు తిరగేస్తూ కూర్చుంటే ఏం బాగుంటుంది?

ఇలా పదకొండు ఆటల్ని ఆదరించేసరికి నా ఫోన్ నిండిపోయింది. పన్నెండోదాన్ని మా ఆవిడ ఫోన్‌లో పెట్టాను.

మా ఆవిడ టైలరు. ముందుగదే కొట్టు. ఇరవై రెండేళ్ళుగా ఆడవాళ్ళ బట్టలు కుడుతోంది. కొలతల పుస్తకం బల్ల మీద పడుంటే ఎవరి కళ్ళయినా పడతాయని అది మానేసి, ఫోన్‌లో నంబరు దగ్గర పేరు రాసే చోటే అన్నీ రాసుకుంటుంది. 'టీచరమ్మ, నడుం ముప్పై ఎనిమిది, ముప్పై నాలుగని చెప్పాలి.' 'పక్కవీధి వదినగారు, కుడి భుజం జారుడు.' ఫోన్ మోగితే మనిషీ కొలతా కలిసి కనపడతాయి. ఒకరి కొలత మరొకరికి చచ్చినా చెప్పదు. అక్కకి కానుకగా కుట్టిస్తానని సొంత చెల్లెలు వచ్చి అడిగినా, మీ అక్కనే పంపించమంది.

కొత్త ఆట, ఇది ద్రాక్షలు పండించేది, మీ పరిచయస్తుల్ని చూడవచ్చునా అని అడిగింది. చూడమ్మా, అందరూ మనవాళ్ళే అన్నాను.

చూసింది. చూసి ఊరుకోకుండా అందర్నీ ఒక జట్టుగా కట్టి, పేరు పేరునా ఆహ్వానాలు పంపింది. 'ప్రియమైన టీచరమ్మ నడుం ముప్పై ఎనిమిది ముప్పై నాలుగని చెప్పాలి గారూ, ద్రాక్షతోట మీకోసం ఎదురుచూస్తోంది!' అది నొక్కిన ప్రతివారికీ జట్టులోని నూట అరవైమంది పేర్లూ వరసగా కనపడ్డాయి.

ఇందులోనూ నేను మేలే చూశాను సుమండీ. ఒకే ఊళ్ళో ఉంటూ ముఖపరిచయం లేని నూట అరవైమంది ఒక్క పూటలో ఒకరినొకరు ఇంత క్షుణ్ణంగా తెలుసుకోవడం మాటలా!

టీచరమ్మ పదిన్నరకల్లా వచ్చింది. "ముప్పై నాలుగని మీరే కదండీ చెప్పారు?" అని నిలదీసింది.

"మీరు సంతోషిస్తారని చెప్పానండీ" అంది మా ఆవిడ. టీచరమ్మ అరగంట అరిచి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ కాసేపు అరిచి వెళ్ళింది. అరిచేవాళ్ళు మళ్ళీ వస్తారు, వాళ్ళతో బాధ లేదు.

మధ్యాహ్నం బ్యాంకు మేడం వచ్చింది. ఆమె పేరు దగ్గర మా ఆవిడ రాసుకున్నది, 'ఆపరేషన్, ఎడమవైపు దూది' అని. నాకూ ఆ రోజే తెలిసింది. క్యాన్సరట, ఆపరేషనై రెండేళ్ళయిందట. ఆమె తల్లికీ మా ఆవిడకీ తప్ప మూడో మనిషికి తెలియదట. దూది ఏ వైపు ఉందో చూసేవాళ్ళకి అంతుపట్టకుండా కుట్టడానికి మా ఆవిడ ఎన్నిసార్లు కుట్లు విప్పి మళ్ళీ వేసేదో నేను చూశాను. ఎందుకలా చేస్తోందో అడగలేదు. ఆ బ్యాంకులో మరో నలుగురు కూడా మా కొట్లోనే కుట్టించుకుంటారు. జట్టు పట్టిక నలుగురూ చూశారు.

ఆమె అరవలేదు. కూర్చోమంటే కూర్చోలేదు. "కుట్టకపోయినా పర్లేదక్కా, నా గుడ్డ నాకిచ్చెయ్యండి" అంది.

మా ఆవిడ కత్తిరించిన ముక్కలన్నీ ఏరి, మడిచి, సంచిలో పెట్టి ఇచ్చింది. ఆమె ఆ సంచిని ఎడమవైపు అడ్డంగా పట్టుకుని మెట్లు దిగింది.

నేను నోరు మూసుకుని ఉండొచ్చు కదా. ఉండలేదు. "అదేం దొంగతనంగా తీసుకోలేదే. నన్ను అడిగే తీసుకుంది" అన్నాను.

మా ఆవిడ మిషను మీంచి తల ఎత్తలేదు. "మిమ్మల్ని అడిగింది, సరే. ఆవిడది ఇవ్వడానికి మీరెవరండీ?"



సాయంత్రం ఆ ఆటలో ఖాతా మూసేయబోయాను. నిజంగా వెళ్ళిపోతారా అని అడిగింది. అవునన్నాను. మీరు పండించిన ద్రాక్షలన్నీ పోతాయి, మరొక్కసారి ఆలోచించుకుంటారా అని మళ్ళీ అడిగింది. ఉత్తుత్తి ద్రాక్షపండ్ల కోసం నన్ను రెండుసార్లు అడిగారు. బ్యాంకు మేడంని ఒక్కసారి అడిగినవాళ్ళు లేరు. నేనూ అడగలేదు.