ఫెయిలవడం చేతకాని తవిటయ్య

తొంభై ఎనిమిదిలో ఇనుము ధర పడిపోయి, గాజువాక పక్కన ఓ రోలింగ్ మిల్లు మూతపడింది. నెల తిరక్కుండానే అదే షెడ్డుకి, అదే గేటుకి కొత్త బోర్డు కట్టి జీవితకాల అభ్యాస కేంద్రం తెరిచారు. ఆ ఏడాది చుట్టుపక్కల మూతపడకుండా తెరుచుకున్నది అదొక్కటే కాబట్టి జనం విరగబడి వచ్చారు. ప్రిన్సిపాల్ గురునాథరావు గారు రిబ్బను కత్తిరించి సభాముఖంగా ఒక గొప్ప సత్యం వెల్లడించారు.

"మాంద్యం అన్న మాటే తప్పు! పని పోయింది అనకండి. నేర్చుకోవడానికి తీరిక దొరికింది అనండి. విద్యకి వయసుతో నిమిత్తం లేదు. ఆఖరి శ్వాస దాకా మిమ్మల్ని అప్రెంటిస్‌లుగానే ఉంచే పూచీ మాది!"

అందరికంటే ముందు చప్పట్లు కొట్టినవాడు తవిటయ్య. అదే షెడ్డులో ఇరవయ్యేళ్ళకి పైగా లేతు మిషను మీద ఇనుము చెక్కే టర్నరుగా పనిచేసి, జుట్టు నెరిసి, మిల్లుతో పాటే రోడ్డున పడ్డవాడు. ఇప్పుడు అదే లేతు మీద టర్నరు అప్రెంటిస్‌గా చేరాడు. పాత అనుభవం మూతపడ్డ మిల్లుకి చెందినది గనక చెల్లదని, మొదటినించీ నేర్చుకోవలసిందేనని నిబంధన. నిబంధన సబబే. ఆ అనుభవం అంత పనికొచ్చేదే అయితే మిల్లెందుకు మూతపడుతుంది?

పాఠం చెప్పేవాడు దొరబాబు. ఒకప్పుడు తవిటయ్య చేతికింద పని నేర్చుకున్నవాడే. "ఇది లేతు. ఇది తిరుగును," అని చదివి, అలవాటు కొద్దీ "అంతేనా గురువుగారూ?" అని వెనక బెంచీకేసి చూసేవాడు. తవిటయ్య తలూపితే పాఠం ముందుకి సాగేది.

పక్క షెడ్డులో, వేట సాగక ఇబ్బందిపడుతున్న జాలర్లకి ఈత కోర్సు పెట్టారు. నీళ్ళు ఇంకా శాంక్షన్ కాలేదు గనక బల్లల మీద బోర్లా పడుకోబెట్టి కాళ్ళూ చేతులూ ఆడించమనేవారు. బుద్ధెరిగిన నాటినించీ సముద్రంలోనే మసిలిన నాగబాబు బల్ల మీంచి జారి కింద పడ్డాడు. ఈతలో బాగా వెనకబడ్డాడని రిమార్కు రాసి అతనికి అదనపు క్లాసులు పెట్టారు.

ఇక పథకంలో అసలు కిటుకు వినండి. నేర్చుకుంటున్నంతకాలం స్టైపెండు వస్తుంది. నేర్చేసుకుంటే ఆగిపోతుంది. పాసైనవాడి చేతిలో సర్టిఫికెట్ పెట్టి, భుజం తట్టి, గేటు చూపిస్తారు. గేటవతల మిల్లులన్నిటికీ తాళాలే. తవిటయ్య ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఆ స్టైపెండు మీదే కాబట్టి, ఏడాది చివరి పరీక్ష ఫెయిలైతేనే మరో ఏడాది అన్నం. తలకాయల లెక్కన గ్రాంటు తెచ్చుకునే గురునాథరావు గారి క్షేమమూ అందులోనే ఉంది. "అత్యాశకి పోయి ఎవరూ పాసవ్వకండి నాయనా," అని కన్నతండ్రిలా బోధించేవారు.

తవిటయ్య భార్య సూర్యకాంతమ్మ బురుజుపేట అమ్మవారికి మొక్కుకుంది. "తల్లీ, ఈసారికి మా ఆయన ఫెయిలైపోవాల. నీ దయ!" అని ముందస్తుగా ఓ కొబ్బరికాయ కొట్టేసి వచ్చింది.

పరీక్షకి హైదరాబాదునించి అధికారి వచ్చాడు. ఇచ్చిన కొలతకి బుష్ చెయ్యాలి, అంటే ఇరుసుకి తొడిగే చిన్న ఇనప గొట్టం. వెంట్రుకవాసి ఎక్కువ చెక్కేస్తే చాలు, ఫెయిలు. తవిటయ్య ఆ ఉద్దేశంతోనే నిలబడ్డాడు. తీరా కొలత దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. కళ్ళు మూసుకుని చెక్కాడు. చెవి ఆ చప్పుడు విని చేతికి చెప్పేసింది. ఇంట్లో బియ్యం డబ్బాని తల్చుకున్నాడు. చెయ్యి వింటేనా!

"పాడుసెయ్యండి గురువుగారూ, మీకు దణ్ణవెడతాను," అని దొరబాబు వెనకనించి గొణిగాడు.

"నానేటి సెయ్యనురా? రావట్నేదురా!" అన్నాడు తవిటయ్య ఏడుపుగొంతుతో.

కేంద్రం మొత్తానికి పాసైంది అతనొక్కడే. శాలువా కప్పి, సర్టిఫికెట్ ఇచ్చి, స్టైపెండు ఆపేశారు. శాలువాతో ఇంటికొచ్చిన మొగుణ్ణి చూసి సూర్యకాంతమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది. "ఒక్క సిన్న తప్పు సెయ్యనేకపోనావా? లోకమంతా సేత్తంది గదయ్యా!" పోనీ అమ్మవారినైనా అందామంటే నోరు రాలేదు. ఇన్నేళ్ళూ పాసు మొక్కులే విన్న తల్లి, కొబ్బరికాయ చప్పుడు వినగానే అలవాటుగా పాసు చేయించేసి ఉంటుంది.

గురునాథరావు గారు దయామయులు. తల తగ్గితే గ్రాంటూ తగ్గుతుంది గనక, కుటుంబానికో అప్రెంటిస్ ఉండవచ్చనే నిబంధన వెతికి తీసి, తవిటయ్య స్థానంలో సూర్యకాంతమ్మని చేర్చుకున్నారు. పప్పుగుత్తి తప్ప మరో పనిముట్టు పట్టి ఎరగని ఇల్లాలు. జన్మకి నేర్చుకోదు. తవిటయ్య ఇంట్లో అన్నం మాడుస్తూ గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయాడు.

దసరా వెళ్ళాక ఓ సాయంత్రం ఆవిడ వచ్చి, కొంగుముడి విప్పి ఓ ఇనపముక్క అతని చేతిలో పెట్టింది. మొహం వెలిగిపోతోంది.

"ఇదేటే?"

"బుష్. నానే సేసినాను. దొరబాబు సూణ్ణేదులే. ఎలాగుందో సెప్పు."

తవిటయ్య దాన్ని కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళాడు. లోపల వేలు తిప్పి చూశాడు. ఇన్నేళ్ళలో తన చేతికింద నేర్చుకున్న ఒక్కడికీ మొదటి ఏడాదిలో ఇంత నున్నగా రాలేదు. గర్వంతో ఛాతీ పొంగింది. ఆ వెంటనే ఏడాది చివరి పరీక్ష గుర్తొచ్చింది.

"బంగారంలాగుందే," అని లేచి తలుపు గడియ పెట్టాడు. "ఎవురికీ సూపించకు."

ఆ బుష్ ఇప్పుడు వాళ్ళ బియ్యం డబ్బా అడుగున ఉంది. పని నేర్చుకోవడం అంటువ్యాధిలా ఒకరినించి ఒకరికి అంటుకుంటోందన్న అనుమానంతో కేంద్రం వారు ఇంటింటి సర్వే మొదలుపెట్టారు. మీ వీధికీ వస్తారు. మీకు సరిగ్గా చేతనైన పనేదైనా ఉంటే ముందే దాచేసుకోండి. అలాంటిదేమీ లేదంటారా? అయితే ఇంకేం, మీ ఉద్యోగం పదిలం.